తానియేలు పేనిన తాడు

బుధవారం పొద్దున్నే తానియేలు సైక్లోస్టైల్ మిషను పిడి తిప్పుతున్నాడు. తిప్పినప్పుడల్లా ఒక కాగితం వచ్చి బల్లమీద పడుతోంది. నాలుగైదు పడ్డాక మిషను మొరాయిస్తోంది. అతను ఆగి, ఇరుక్కున్న కాగితాన్ని మెల్లిగా లాగి, వేళ్ళు లుంగీకి తుడుచుకుని మళ్ళీ మొదలుపెడుతున్నాడు. పొట్టి మనిషి. భుజాలు మాత్రం పడవలు లాగేవాడివి. కళ్ళజోడుకి ఒకవైపు కాడ విరిగిపోతే గాలపు దారం కట్టి చెవికి తగిలించుకున్నాడు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎంత తోమినా వదలని సిరాతో నల్లబడిపోయాయి. అతను ముట్టుకున్న సీమపనస ముక్క మీద, బైబిలు పేజీల మీద, మనవరాళ్ళ బుగ్గల మీద ఆ రెండు వేళ్ళ గుర్తులు ఉండేవి.

సముద్రం మధ్య చిన్న దీవి మాది. మా ఫాతుతోలు ఊళ్ళో ఇళ్ళకి గోడలుండవు. స్తంభాలు, పైన కప్పు, వాన వస్తే దించుకునే తడికలు. ఎవరింట్లో ఏం వండారో, ఎవరికి ఎవరితో మాటల్లేవో రోడ్డు మీద నడిస్తేనే తెలిసిపోతుంది. ఇలాంటి ఊరికి వారపత్రిక ఎందుకో మాకెవరికీ అర్థం కాలేదు. అయినా తానియేలు 'లంగరు' నడిపాడు. పడవ వచ్చే వేళలు, చర్చిలో ఏ బృందం బాగా పాడింది, ఎవరి పంది ఎవరి తోటలో పడింది, ఇవే అందులో వార్తలు. చదివి నవ్వుకునేవాళ్ళం, తర్వాత అందులో చేపలు చుట్టుకునేవాళ్ళం. అలాంటి మనిషి ఒక మంత్రి హత్య గుట్టు విప్పాడంటే బయటి ఊళ్ళవాళ్ళు నమ్మరు. మేమూ చాలాకాలం నమ్మలేదు.

చనిపోయిన సవేలియో మా ఊరివాడే. రోడ్ల మంత్రిగా ఉండేవాడు. ఆ బుధవారానికి ఏడేళ్ళ ముందు ఒక సాయంత్రం, ప్రార్థన వేళ, తన ఇంట్లో తల వంచుకుని కూర్చున్నవాణ్ణి ఎవరో తుపాకీతో కాల్చి చంపారు. మా ఊళ్ళో ప్రార్థన గంట మోగితే రోడ్డు మీద పురుగు కదలకూడదు. కుర్రవాళ్ళు కర్రలు పట్టుకుని ఊరి రెండు చివరలా కాపలా నిలబడి, వచ్చే బస్సును కూడా ఆపేస్తారు. కనుక ఆ వేళలో తిరగగలిగింది కాపలావాళ్ళే అనుకున్నాం. ఆ రాత్రే అకెనెసె అనే ఆవిడ వాళ్ళ అరటితోటలో తుపాకీ దొరికింది. అకెనెసె కొడుకు ఫెరెతి ఆ సాయంత్రం కాపలా కాసినవాళ్ళలో ఒకడు. ఇంకేం కావాలి?

తెల్లవారేలోగా ఫెరెతి తండ్రి, నడుం వంగిన ముసలాయన, ఇంట్లో తరతరాలుగా వస్తున్న సన్నచాప తల మీద కప్పుకుని సవేలియో ఇంటి ముందు వానలో మోకరిల్లాడు. అది మా పద్ధతి. మా వల్ల మీ ఇంట ప్రాణం పోయింది, చంపినా బతికించినా మీ ఇష్టం అని అలా కూర్చోవాలి. అవతలివాళ్ళు బయటికొచ్చి చాప తీస్తే క్షమించినట్టు. చాప వాళ్ళదైపోతుంది. ఆ పైన ఆ సంగతి దీవిలో ఎవరూ నోట అనకూడదు. ఆ ముసలాయన కొడుకుని ‘నువ్వు చేశావా’ అని అడగనైనా లేదు. అడుగుతూ కూర్చుంటే ఈలోగా సవేలియో బంధువులు ఇల్లు తగలబెడతారని భయం. పొద్దెక్కాక సవేలియో భార్య లుయిసా వచ్చి తన చేతులతో చాప తీసింది. ఇల్లు నిలబడింది, కొడుకు మాత్రం జైలుకి పోయాడు. నేరం చేయనివాడి తండ్రి ఎందుకు మోకరిల్లుతాడు అన్నారట కోర్టులో.

ఆ సాయంత్రం ఊరి చివర ఆగిన బస్సు నిండా జనం ఉన్నారు. తుపాకీ పేలినప్పుడు ఫెరెతి ఆ బస్సు ముందే కర్ర పట్టుకుని నిలబడి ఉండటం అందరూ చూశారు. ఎవరూ నోరు మెదపలేదు. చాప తీశాక మాట్లాడటం రెండు కుటుంబాలనీ అవమానించడమే మరి. ఈ మర్యాద అంటే మాకు ప్రాణం. ఈ మర్యాదతోనే ఒక కుర్రాణ్ణి నిలువునా పాతిపెట్టాం.

తానియేలు మర్యాద తప్పలేదు. ఎవరినీ హత్య గురించి అడగలేదు. అతనికి ఒక అలవాటుండేది. ఎవరింటికి వెళ్ళినా కలం తీసేవాడు కాదు. సంచిలోంచి కొబ్బరిపీచు తీసి తొడ మీద తాడు పేనుతూ కూర్చునేవాడు. మా ముసలివాళ్ళంతా చేసే పనే అది. కలం పట్టినవాణ్ణి చూస్తే మనిషి నోరు మూసుకుంటాడు, తాడు పేనేవాడి ముందు ఊరికే వాగుతాడు. పేనినంత తాడు ఆ ఇంట్లోనే వదిలేసి వచ్చేవాడు. అలా ఊరూరా తిరిగి, ప్రార్థన కాపలావాళ్ళ గొప్పతనం గురించి పత్రికలో రాస్తున్నానని చెప్పి, ఫలానా సాయంత్రం మీ బస్సు ఆపిందెవరని మాత్రం అడిగాడు. దానికి జవాబు చెప్పడంలో తప్పేముంది? చెప్పారు. ఫెరెతి ఎంత దర్జాగా కర్ర అడ్డం పెట్టాడో, డ్రైవరుతో ఎలా పోట్లాడాడో వారం వారం 'లంగరు'లో వచ్చింది. హత్య మాట ఒక్కచోట కూడా లేదు. చదివిన ప్రతివాడికీ అర్థమైంది. ఊరి పెద్దలకీ అర్థమై తానియేలుకి ఒక పంది జరిమానా వేశారు. అతను పందినిచ్చి, జరిమానా కబురు కూడా పత్రికలో వేశాడు.

చివరికి ఆ బస్సు జనమే పడవెక్కి రాజధానికి వెళ్ళి కోర్టులో నిలబడ్డారు. రోడ్డు మీద కాపలా ఉంటుంది గాని సముద్రం మీద ఉండదన్న సంగతి అప్పుడు బయటపడింది. కేసు తిరగదోడితే తేలింది, సవేలియో రోడ్ల కాంట్రాక్టు ఆపేశాడని ఇంకో మంత్రి పంపిన ఇద్దరు పడవలో వచ్చి, కాల్చి, తుపాకీని ఒడ్డునున్న అరటితోటలో పారేసి వెళ్ళారు. వాళ్ళు లోపలికి పోయారు. ఫెరెతి బయటికి వచ్చాడు.

వచ్చి నెల దాటింది. ఊరి పెద్దల కూటానికి ఒక్కసారి కూడా ఫెరెతిని పిలవలేదు. కోర్టు కాగితం కోర్టుది. చాప ఇంకా లుయిసా ఇంటి దూలం మీదే ఉంది. అది అక్కడున్నంతకాలం మా లెక్కలో ఫెరెతి దోషే. తీసిన చాపను తిరిగి ఇచ్చినవాళ్ళు మా దీవిలో ఎప్పుడూ లేరు. గురువారం పడవకి వెళ్ళిపోతానని, ఆక్లండులో ఏదో పని చూసుకుంటానని ఫెరెతి తల్లికి చెప్పేశాడు. కొడుకు జైల్లో ఉండగానే తండ్రి పోయాడు. అకెనెసె అప్పట్నించీ పొయ్యి సరిగ్గా వెలిగించడం లేదు.

ఆ బుధవారం పత్రికలు మడుస్తూ తానియేలు స్తంభం పట్టుకుని కాసేపు నిలబడిపోయాడు. పెనినా చూసింది. పెనినా అతని భార్య. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

“ఏమయ్యా, మళ్ళీ ఆ గుండెనొప్పేనా? ఒక్క వారం కాగితం రాకపోతే ఊరేం మునిగిపోదు.”

“మునగదులే. చేపలు దేంట్లో చుట్టుకుంటారు పాపం?”

తర్వాత నవ్వు ఆపి, ఏడేళ్ళు తిరిగి వాణ్ణి ఇంటిదాకా తెచ్చాను గాని ఊళ్ళోకి తేలేకపోయానే అన్నాడు. పెనినా కోకో పోసిచ్చింది. అది తాగి, పత్రికల కట్ట భుజాన వేసుకుని, పీచు సంచి తగిలించుకుని బయల్దేరాడు.

ఇంటింటికీ కాగితం ఇచ్చుకుంటూ మధ్యాహ్నానికి లుయిసా ఇల్లు చేరాడు. లుయిసా చాప పరిచింది, ఉడికించిన చేమదుంప పెట్టింది. అతను తిని, పీచు తీసి పేనడం మొదలుపెట్టాడు. పెద్ద వాన రాబోతోందని, పాస్టరుగారి గొంతు పోయిందని ఏవేవో మాట్లాడుకున్నారు. దూలం మీది సన్నచాప ఊసు అతను ఎత్తలేదు. చాలాసేపటికి ఆమే అంది.

“అన్నా, ఆ ముసలాయన చాప కింద ఎంత వణికాడో తెలుసా. తప్పు చేసిన ఇల్లు కదా, అందుకే వణుకుతున్నాడనుకున్నా.”

తానియేలు తొడ మీద పీచు దొర్లిస్తూనే ఉన్నాడు.

“వానమ్మా. తెల్లారగట్ల వాన. నేనైనా వణికేవాణ్ణి.”

లుయిసా బట్ట అంచుతో కళ్ళొత్తుకుంది. ఇన్నేళ్ళూ ఫెరెతిని తిట్టుకుంటూ నిద్రపోయానని, ఇప్పుడు ఎవర్ని తిట్టుకోవాలో కూడా తోచడం లేదని చెప్పింది. తీసిన చాప తిరిగిచ్చే పద్ధతి ఎక్కడుంది, ఊరు నవ్వదా అని అడిగింది. అడిగినప్పుడు గొంతులో కోపం కూడా ఉంది.

“ఇవ్వమని ఎక్కడా లేదమ్మా,” అన్నాడు తానియేలు. “ఇవ్వొద్దనీ లేదు.”

పేనిన తాడు చుట్ట చుట్టి ఆమె పక్కన పెట్టి లేచాడు. ఇంటికి వెళ్తూ దారిలో రెండుసార్లు కూర్చున్నాడని చూసినవాళ్ళు తర్వాత చెప్పారు.

సాయంత్రం అతను తన ఇంట్లో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా రోడ్డు, రోడ్డవతల అకెనెసె ఇల్లు. ఫెరెతి పెట్టె సర్దుకుంటున్నాడు. అప్పుడు లుయిసా రోడ్డు మీద కనిపించింది. చుట్టిన సన్నచాపని రెండు చేతులతో పసిబిడ్డలా మోసుకొస్తోంది. అకెనెసె ఇంటి ముందు ఆగి, చాపకి కట్టిన తాడు విప్పి పక్కన పడేసి, చాపని తన తల మీద కప్పుకుని మోకరిల్లింది. మంత్రిగారి భార్య. ఊరంతా ఎక్కడివాళ్ళక్కడ చూస్తూ ఉండిపోయాం. ఎవరూ నవ్వలేదు.

అకెనెసె లోపల కదలకుండా కూర్చుంది. ఎందుకు లేవలేదో మాకు తెలుసు. ఆ చాప కింద ఆమెకి తన మొగుడే కనిపిస్తున్నాడు.

ఈలోగా ప్రార్థన గంట మోగింది. ఇక ఎవరూ బయట ఉండకూడదు. కర్రలు పట్టుకున్న కాపలావాళ్ళు వచ్చారు, చాప కింద ఉన్న మనిషిని ఏం చేయాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటింటా పాట మొదలైంది. మేం పాడుతున్నాం గాని కళ్ళన్నీ అటే. పాట సగంలో అకెనెసె లేచింది. కట్టుబాటు తప్పి, గంట మోగాక మెట్లు దిగి బయటికొచ్చింది. చాప తీసింది. లుయిసాని భుజాలు పట్టి లేపింది.

“లే వదినా, తడిసిపోతావు. లోపలికి రా, ఫెరెతి ప్రార్థన చదువుతాడు.”

చినుకులు అప్పుడే మొదలయ్యాయి. ఫెరెతి సర్దిన పెట్టెని కాలితో పక్కకి నెట్టి బైబిలు తీశాడు. ఊరి గుండె మీంచి బరువేదో దిగిపోయినట్టయింది. పెద్దవాళ్ళు సైతం ఏడ్చేశారు.

తానియేలు కళ్ళు మూసుకోకుండా ఇదంతా చూశాడు. ప్రార్థనలో కళ్ళు మూసుకోవయ్యా అని పెనినా మోచేత్తో పొడిచింది. సరేనని మూసుకున్నాడు. ఆమెన్ అన్నాక అందరూ తలెత్తారు, అతను ఎత్తలేదు. పెనినా ముందు విసుక్కుంది, తర్వాత అతని చెయ్యి పట్టుకుని చూసి, అలాగే చాలాసేపు పట్టుకుని కూర్చుంది. మొహంలో నొప్పి జాడ లేదనీ, పని ముగించుకుని కునుకు తీసినవాడిలా ఉన్నాడనీ ఆమె చెప్పింది. మాకూ అలాగే అనిపించింది.

గురువారం పడవ ఫెరెతి లేకుండానే వెళ్ళింది. పోయినవాళ్ళని ఇంటి ముందే పాతిపెట్టడం మా పద్ధతి; తానియేలు ఇంటి ముందు గొయ్యి తవ్వింది ఫెరెతే. ప్రార్థన వేళ బయట ఉన్నందుకు ఊరి పెద్దలు అకెనెసెకీ లుయిసాకీ చెరో పంది జరిమానా వేశారు. కట్టుబాటు కట్టుబాటే. ఆ రెండు పందులూ తానియేలు దినానికే వండారు. పెద్దల కూటంలో ఒక్కో కుటుంబానికి ఒక్కో స్తంభం; ఆ రోజు ఫెరెతి తన తండ్రి కూర్చునే స్తంభం దగ్గర కూర్చున్నాడు.

‘లంగరు’ ఆగిపోయింది. చేపలు ఇప్పుడు అరటాకుల్లో చుట్టుకుంటున్నాం. చాప మాత్రం అకెనెసె ఇంటి దూలం మీద ఉంది. దానికి తిరిగి కట్టిన కొబ్బరిపీచు తాడు మీద అక్కడక్కడా నల్లగా రెండు వేళ్ళ గుర్తులు కనిపిస్తాయి.