పాడె దించే చోటు

నేను ఒక మండపాన్ని. నాలుగు స్తంభాలు, పైన శ్లాబు, మధ్యలో అరుగు. గోడలు లేవు, తలుపు లేదు. ఊరి శ్మశానం మొదట్లో, జీడితోట పక్కన ఉంటాను. కాటికి పోయే పాడెను కాసేపు నా అరుగు మీద దించుతారు. అయినవాళ్లు పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఏ మూలో ప్రాణం మిగిలి ఉంటే ఆ పిలుపుకు లేస్తారని ఆశ. నేనుండగా ఎవరూ లేవలేదు. అయినా మూడో పిలుపు తర్వాత అందరూ ఆ ముఖం వైపు కాసేపు చూస్తారు. ఆ కాసేపటి కోసమే నన్ను కట్టారు.

కట్టింది తవిటినాయుడు. ఇసుక, సిమెంటు మోసింది అతని భార్య పారమ్మ. అతను అరుగును జానెడెత్తులో తేల్చేయబోతే ఆమె తట్ట కింద పడేసింది.

"మోసుకొచ్చినోల నడుములు ఏటవ్వాల? సెవిలో పిలిసినోడు నేల మీద బోర్లా పడాలేటి? నడుమెత్తు కట్టు."

"ఒలే, మేస్త్రీవి నువ్వా, నేనా?"

"నువ్వే. అందుకే సెప్తన్నాను."

నడుమెత్తే కట్టాడు. పాడె మోసేవాళ్లకు సాయంత్రపు ఎండ తగలకూడదని పడమటి వైపు శ్లాబును రెండడుగులు ముందుకు లాగించిందీ ఆమే. దాత పేరు మాత్రం నా నుదుట పాలరాతి మీద ఉంది. ఆయన ఇచ్చింది ఆ పాలరాయే.

మనుషులంటే నాకు ప్రేమే. కొన్ని మాత్రం క్షమించను. ఇరవై ఏళ్లు పలకరించుకోని అన్నదమ్ములు ఇక్కడ చెవిలో నోరు పెట్టి ఏడుస్తారు. వినేవాడు పోయాక మాట్లాడటం సుళువు.

కిందటి వేసవిలో పారమ్మను తెచ్చారు. వడదెబ్బ. పిల్లలు లేరు. పిలవాల్సింది తవిటినాయుడే. అతను ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"ఒలే."

పారమ్మ తమ్ముడు గౌరయ్య భుజం తట్టాడు. "పేరెట్టి పిలువు బావా. ఒలే అంటే ఊర్లో ఆడోలందరూ పలుకుతారు."

ఎవరో నవ్వబోయి దగ్గారు. తవిటినాయుడు నవ్వలేదు. ఈ పిలుపు తప్పితే ఇక ఆమె లేవదని అతని భయం.

"ముప్పై ఏళ్లు ఒలే అనే పిలిసినాను. పేరెట్టి ఏనాడూ పిలవనేదు. ఇప్పుడు నా గొంతులో ఆ పేరు ఇంటే ఇంకెవలనో పిలస్తన్నాననుకుంటాది. లెగదు."

గౌరయ్య గొంతు తగ్గించాడు. "మా యమ్మ ఎట్టిన పేరు బావా. అప్పకి ఇష్టం. పిలువు."

తవిటినాయుడు చాలాసేపు పెదవులు తడుపుకున్నాడు.

"పారమ్మా."

కొత్త ఊరి పేరు అడిగినట్టు పలికాడు. రెండోసారి కాస్త గట్టిగా. మూడోసారి చెవికి నోరు ఆనించి. అందరూ ఆమె ముఖం చూశారు. ఆమె లేవలేదు. మోసేవాళ్లు వెదుళ్ల మీద చేతులు వేశారు.

"పారమ్మా."

"మూడే బావా," అన్నాడు గౌరయ్య. "అయిపోనాది."

"ఉండరా. ఇప్పుడిప్పుడే నోరు తిరుగుతంది."

మోసేవాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు. అతను మళ్లీ పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఎవరూ లెక్కపెట్టలేదు.