రెండంచుల వెలుతురు

దుబ్బయ్య మళ్ళీ మగ్గం గుంతలోంచి లేచి, కుడిపక్కనున్న బుడ్డిదీపాన్ని ఎడమపక్కకు జరిపాడు. పొద్దున్నుంచీ ఇదే పని. సిద్దిపేట మీద ముసురు కమ్మి, పట్టపగలే ఇల్లు మసకబారింది. దీపం ఎటుంటే అటు చీర అంచులో నేసే గొల్లభామ బొమ్మ కళకళలాడుతుంది. అవతలి భామ పోగులు కలిసిపోతాయి. వత్తి పెంచితే పొగ పెరిగింది గానీ చూపు పెరగలేదు. లడాయి వచ్చినప్పటి నుంచి గ్యాసునూనె కరువు. రెండో బుడ్డి మాటే లేదు.

మొన్నటి చీరలో ఎడమ అంచు భామలన్నీ నడుం వంగి వచ్చాయి. "ఇంకోసారి గిట్లయితే మగ్గం వేరేటోనికిస్త" అన్నాడు మగ్గం సొంతదారు నాగేశం. ఈ చీర చూడ్డానికి పొద్దుగూకేసరికి వస్తాడు. మీసం మొలవకముందే ఆ గుంతలో కాళ్ళు దించిన మనిషి దుబ్బయ్య. మోకాళ్ళు అరిగాయి, వేరే పని రాదు.

"గా ఒక్క మిణుగురును ఎన్నిసార్లు తిప్పుతవయ్యా?" పొయ్యి దగ్గర్నుంచి అంది భార్య కిష్టవ్వ.

"ఒక్క చుక్కనే గదనే! జానెడు జరిగితే సస్తది. దీపాల పండుగకు అరుగు పొడుగునా పెడితే? ఏ కొసకు నిలబడ్డా ఒక్క తీరే."

అంటూనే పొయ్యి పక్కన చూరుకు చెయ్యి చాపి మూడు గూనపెంకులు లాగాడు.

"నీ మగ్గం మన్నుగాను! నా పొయ్యిల వాన పడుతున్నది!"

"పొయ్యి జరపరాదు? పొద్దటి సంది నేను దీపం జరుపుతలేనా?"

కిష్టవ్వకు నవ్వాగలేదు. తనే మట్టి పిసికి తెచ్చింది. పెంకులను మగ్గానికి అడ్డంగా పలక మీద వెల్లకిలా పేర్చి, సందులు మెత్తి, ఆముదం పోశారు. తెగిన నూలే వత్తులు. ఒక్కో మంట బుడ్డిదీపం కన్నా చిన్నదే. అయినా వెలుగు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చాప పరిచినట్టు పరుచుకుంది.

దుబ్బయ్య ఆత్రంగా వంగాడు. ఎడమ రెక్క గుంజుతోంది. విదిలించుకున్నాడు. చెమట ముక్కు మీంచి జారి చీర మీద పడబోతే మోచేత్తో తుడుచుకున్నాడు.

"జరంత ఒరుగయ్యా."

"గీ ఒక్క భామ."

నాగేశం గొడుగు మూసి లోపలికొచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. దుబ్బయ్య నేసిన బట్ట మీద నుదురు ఆన్చి ఉన్నాడు. నాగేశం గొంతుకూర్చుని రెండంచులూ వేలితో తడిమాడు.

"ఒక్క తీరున్నయి దుబ్బయ్యా. మగ్గం నీదే పో... నిద్రవోయిండా?"

కిష్టవ్వ వచ్చి భుజం పట్టి కదిపింది. చల్లబడిన అతని చేతిని తన చేతిలోకి తీసుకుంది. అట్లాగే గుంత అంచున కూలబడింది.

ఎడమ అంచున, భామ తలమీది కుండ దగ్గర, ముడి వేయని ఎర్రపోగు ఒకటి వేలాడుతోంది.