రంగు పట్టని చోటు

మొదట చప్పుడు. గుమ్మం అవతల బరువైన కట్టె ఏదో నేలకానిన చప్పుడు. దాని వెనకే ఒక పొడిదగ్గు. ఆ తరువాతే తలుపు తెరుచుకుంది, ఆ తరువాతే చినమామగారు కనిపించాడు.

"అమ్మాయ్, ఎల్లుండి మీ ఆయన్ని వేటకు తీసుకెళ్తున్నా. వాడికీ ఓ తుపాకి ఉండొద్దూ? మా అటక మీద పడుంది ఇది. కాస్త ముస్తాబు చెయ్యి."

అది రైఫిల్‌కు ఉండే కట్టె మాత్రమే. భుజానికి ఆనించే మడమ, చెయ్యి పట్టే నడుము, గొట్టం పడుకునే పొడవాటి గాడి. పైనుంచి కిందిదాకా కాటుక పులిమినట్టు నల్లరంగు.

"గొట్టమేది మావయ్యగారూ?"

"ఇనుము నా దగ్గరే ఉంటుంది. అడవిలో నేనే బిగిస్తా. ఆడవాళ్లున్న ఇంట్లో ఇనుమెందుకు?" అని నవ్వి, వెళ్లబోతూ వెనక్కి తిరిగాడు. ఈసారి నవ్వు లేదు. "ఒక్కమాట. గీకొద్దు. పైపైన ఓ పూత లాగించు, చాలు."

ఆమె చెక్కసామానుకు పాలిష్ పెట్టే మనిషి. ఆ వీధిలో బీరువాల తలుపులు, మంచాల తలాపులు ఆమె చేతుల మీదుగా మెరిసినవే. పాత రంగు మీద కొత్త రంగు వెయ్యడమంటే ఆమెకు మాసిన పక్క మీద ఉతికిన దుప్పటి పరచడం లాంటిది. పైకి తల ఊపింది కానీ మనసు ఊపలేదు.

చెయ్యి పనిలో పడినా ఆలోచన పనిలో పడలేదు. భర్త ఉయ్యాలలో ఉన్నప్పుడు, ఆయన తండ్రి ఇదే చినమామగారితో కలిసి వేటకు వెళ్లాడు. తిరిగి వచ్చింది చినమామగారొక్కడే. జలాశయంలో పడవ బోల్తా కొట్టిందనీ, అన్నా, అన్న తుపాకీ రెండూ మునిగిపోయాయనీ చెప్పాడు. శవం దొరకలేదు. అన్నగారి రంపపు మిల్లు మాత్రం ఆనాటి నుంచీ తమ్ముడి చేతుల్లోనే ఉంది. వచ్చే నెలలో దాని తాళాలు ఆమె భర్త చేతికి రావాలి. ఇన్నేళ్లూ లేని వేట ముచ్చట ఇప్పుడెందుకు పుట్టిందో ఆమెకు అంతుపట్టలేదు.

"మానెయ్యకూడదూ?" అంది ఆ సాయంత్రం భర్తతో.

"చెట్టు పుట్టే చోటు చూడనివాడు మిల్లేం నడుపుతాడని బాబాయి దెప్పుతున్నాడు. మానేస్తే పిరికివాణ్నంటాడు."

"అననివ్వండి. ఆయన చేతిలో ఇనుము, మీ చేతిలో కట్టె. ఇదేం వేటండీ?"

"పందొస్తే ఈ కట్టెతోనే నెత్తిన ఒకటిస్తాలే. నీ పాలిష్‌కి జారిపడి చస్తుంది!" అని ఆయన పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మర్నాడు పెరటి వరండాలో కట్టెకు రంగు ఊడదీసే రిమూవర్ పూసి కూర్చుంది. నల్లరంగు బొబ్బలెక్కి, పొరలు పొరలుగా, పాము కుబుసంలా ఊడివచ్చింది. కింద ఎర్రటి కలప. నీటి మీద గాలి నడిచినట్టు సన్నని చారలు. నొక్కులు పడ్డచోట తడిగుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనించింది. ఆవిరికి చెక్క పొంగి నొక్కులు పూడాయి. చారల వెంట ఉప్పుకాగితం లాగింది, పొడి తుడిచింది, గుడ్డతో స్టెయిన్ అనే పల్చటి రంగు అద్దింది. దాహంతో ఉన్న కట్టె రంగును గుటకలు వేస్తూ తాగింది.

ఒక్కచోట తాగలేదు. మడమ పక్కన, చెంప ఆనేచోట, పాలిపోయిన గీతలు మిగిలాయి.

తన వేలి జిడ్డేమోననుకుంది. ఆ మేర మళ్లీ రుద్ది మళ్లీ అద్దింది. మళ్లీ అవే గీతలు, ఈసారి ఇంకా తెల్లగా.

అప్పుడు తెలిసింది ఆమెకు. చెక్క రంగు తాగుతుంది, జిగురు తాగదు. ఎవరో ఇక్కడ లోతుగా చెక్కారు. మరెవరో ఆ గాట్లలో రంపపు పొట్టూ జిగురూ కలిపిన లప్పం కూరి, నునుపు చేసి, నల్లరంగు కప్పారు. మిల్లులో పగిలిన పలకలను చినమామగారు అలాగే పూడుస్తాడు, "చెక్కలో చెక్కే కలిసింది, ఎవడు కనిపెడతాడు!" అని మీసం దువ్వుతాడు కూడా. కోసేవాడికి కోత తెలుసు. రంగు సంగతి తెలియదు.

గీకొద్దు అని ఆయన ఎందుకన్నాడో ఇప్పుడు అర్థమైంది.

అంతలో వీధిలో జీపు హారన్ మోగింది. ఎల్లుండి అన్నవాడు ఒకరోజు ముందే వచ్చాడు.

"రారా అబ్బాయ్! మబ్బు పట్టకముందే బయల్దేరాలి. ఆ కట్టె ఎలా ఉంటే అలా పట్రా!"

లోపల భర్త బూట్లు తొడుక్కుంటున్నాడు. ఆమె గబగబా మిగులు రంగు తుడిచింది. గీతలు అక్షరాలవుతున్నాయి. చదవబోయేలోగా, పక్కనుంచి ముడతలు పడ్డ అరచెయ్యి ఒకటి వాటిని కప్పేసింది. అత్తగారు.

"అత్తయ్యా, తడిగా ఉంది..."

అత్తగారు వినలేదు. కట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. రంగు చీరకు అంటుతున్నా చూసుకోలేదు. నేరుగా వీధి గుమ్మం దాటి, జీపు మెట్టు మీద కాలుపెట్టిన కొడుక్కి అడ్డంగా నిలబడింది.

"మరిదిగారూ, ఇది నీళ్లలో మునిగిందన్నారు. ఈదుకుంటూ వచ్చి మీ అటకెక్కిందా?"

చినమామగారి కళ్లు ఊడిపోయిన నల్లరంగును వెతుక్కున్నాయి. "మతి పోయిందా వదినా? సంతలో కొన్న పాత కట్టె అది. దాని సొంతదారెవడో ముచ్చటపడి పేరు చెక్కుకుంటే దానికి నేనేం చెయ్యను?"

అత్తగారి అరచెయ్యి ఆ చోటు మీంచి ఇంకా లేవలేదు.

"పేరుందని నీకెవరు చెప్పారు బాబాయ్?" అన్నాడు భర్త. మెట్టు మీది కాలు నెమ్మదిగా కిందికి దిగింది.

చినమామగారు చూపు తిప్పుకుని గేరు మీద చెయ్యి వేశాడు. జీపు ఇంజను దడదడలాడుతూనే ఉంది.

"ఎవరి పేరమ్మా అది?"

"నాదేరా. ఇంటివాళ్లు పెట్టింది కాదు. మిల్లులో దుంగల మీద నేను పరుగెత్తుతుంటే చూసి మీ నాన్న పెట్టింది. ఆయన నోట తప్ప ఇంకో నోట పలకలేదు."

అత్తగారు అరచెయ్యి తీసింది. రంగు అంటిన వేలిని ఒక్కో అక్షరం మీదుగా నడిపించి, మరిది కళ్లలోకి సూటిగా చూస్తూ, వీధంతా వినేలా అంది:

"ఉడుత."