ఆగస్టులోకి వెళ్ళిపోయిన ఫోన్

దొరబాబుకి ముప్పైతొమ్మిదో ఏట పెళ్ళయింది. తణుకులో తాతల నాటి పచారీ కొట్టు ఉన్నా పిల్లనిచ్చేవాళ్ళు దొరక్క, చివరికి కటక్ దగ్గర పల్లెటూరి పిల్ల సంజుక్తని అక్కడి గుళ్ళో చేసుకుని, వాళ్ళ ఇల్లయినా చూడకుండా గుళ్ళోంచే తెచ్చుకున్నాడు. ఆమెకి తెలుగు రాదు, ఇతనికి ఒడియా రాదు. ఫోన్‌లో అనువాదం చేసే యాప్ ఒకటే దిక్కు. కూరలో ఉప్పు చాలిందా అని అడగాలన్నా అదే. అయినా ఆ రెండు నెలల్లో దొరబాబు మాట్లాడినన్ని మాటలు పుట్టి బుద్ధెరిగాక మాట్లాడలేదు.

అంతలో ఆషాఢం దగ్గరపడింది. "కొత్తకోడలు ఈ నెల్లాళ్ళూ అత్తారింట్లో ఉండకూడదురా, పుట్టింటికి పంపించెయ్," అంది తల్లి మాణిక్యాంబ. మనకి తెలిసిన ఆచారమే. కానీ సంజుక్త వాళ్ళకి ఆషాఢమంటే జగన్నాథుడి రథం లాగే నెల, పెళ్ళాన్ని పంపించేసే నెల కాదు. తీసుకెళ్ళడానికి ఆమె అన్న వచ్చాడు. ఇంట్లో అందరి ముందూ చెప్పలేక, స్టేషన్లో సంగతి చెబుదామని దొరబాబు ఫోన్ తీస్తే, కనెక్ట్ కావడం లేదంటూ యాప్ మొండికేసింది. రైలు కదిలింది. తనని వదిలించుకున్నారనే అనుకుంది ఆ పిల్ల. కిటికీలోంచి ఆమె చూసిన చూపు తలుచుకుంటే అతనికి ముద్ద దిగడం లేదు.

పన్నెండు రోజులుగా దొరబాబు ఆ ఫోన్‌కి చెయ్యని వైద్యం లేదు. ఆపి మళ్ళీ పెట్టాడు. సిమ్ తీసి చొక్కా అంచుతో తుడిచాడు. డాబా ఎక్కి నాలుగు మూలలా తిరిగాడు. వీడియోలూ రావడం లేదు కాబట్టి తప్పంతా టవర్‌దేనని తేల్చాడు. అదే టవర్ కింద ఎదురింటివాళ్ళ ఫోన్లు ఎలా పనిచేస్తున్నాయో ఆలోచించలేదు. మనసు ఇంట్లో లేనివాడి బుర్ర అంతే. మామూలు కాల్ మాత్రం కలిసేది. ఆమె "హలో" అనేది, ఇతను "సంజుక్తా" అనేవాడు. ఆ తర్వాత ఇద్దరూ ఊరుకునేవారు. ఆమె ఊపిరి వినడం కోసమే రోజంతా కాచుకునేవాడు.

శనివారం పొద్దున్న బావమరిది ఫోన్ చేశాడు. ఆ గుక్కతిప్పుకోని మాటల్లో దొరబాబుకి చిక్కినవి మూడే: సంజుక్త, సూరత్, సోమబార. వాళ్ళ ఊరివాళ్ళు సగంమంది పనిచేసే సూరత్ మిల్లులకి సోమవారం ఆమె కూడా వెళ్ళిపోతోందన్నమాట! కొట్టుకి తాళమైనా వెయ్యకుండా బస్టాండు పక్క సెల్ షాపుకి పరిగెత్తాడు.

షాపు నడిపే హారతి ఫోన్ అందుకుని ఓ క్షణం చూసింది. "ఏంటండీ దొరబాబుగారూ, మీకు అప్పుడే ఆగస్టు వచ్చేసిందా? ఇందులో తేదీ నలభై రోజులు ముందుందండి."

"పంచాంగం యాప్‌లో ఇవాళ్టి పేజీ తప్ప ఇంకోటి కనపడదండి. సంజుక్తని తీసుకురావడానికి శ్రావణంలో మంచిరోజు చూద్దామని, తను వెళ్ళే ముందురోజు రాత్రి తేదీ జరిపానండి."

"చూశాక వెనక్కి పెట్టుకోవాలి కదండీ."

"పెట్టబుద్ధి కాలేదండి. శ్రావణం తేదీలు కనపడుతుంటే తను వచ్చేసినట్టే ఉండేదండి."

హారతి నవ్వబోయి మానేసింది. "తేదీ తప్పయితే అవతలివైపు గడువు తీరిపోయిందనుకుని మన ఫోన్ నెట్‌ని నమ్మదండి," అని సరిచేసింది. యాప్ తెరుచుకుంది. తన ఫోన్‌లో సంజుక్త నంబరు కలిపి, స్పీకర్ పెట్టి, రెండు ఫోన్లూ బల్ల మీద పక్కపక్కన ఉంచి, తను బయటికెళ్ళి నిలబడింది.

దొరబాబు అంతా చెప్పాడు. ఆషాఢం సంగతి, ఆచారం సంగతి, తన తెలివితక్కువ పని. "నిన్ను పంపెయ్యలేదు. నువ్వు లేక నాకేమీ బాగుండడం లేదు. శ్రావణం రాగానే వచ్చి తీసుకొస్తా. సూరత్ వెళ్ళకు," అన్నాడు. సరుకుల చీటీ చదివినంత చప్పగా యాప్ ఆ మాటలన్నీ ఒడియాలో అప్పజెప్పింది. అవతలినుంచి ఏడుపు, ఏడుపు మధ్య మాటలు వచ్చాయి.

"ఇది ఫోన్ చెబుతున్న మాట. నువ్వు రా. నీ మొహం చూసి నమ్ముతాను," అంది యాప్.

"రేపటికల్లా అక్కడుంటా," అన్నాడు దొరబాబు. అన్నాక గుర్తొచ్చి గొంతు తగ్గించాడు. "కాకపోతే ఈ నెలలో అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. అమ్మ ఒట్టు వేయించుకుంది. నేను వీధిలోనే నిలబడతా. నువ్వే బయటికొచ్చి చూడు."

ఆమె ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. ఆమె మాటని యాప్ తెలుగులో చెప్పింది.

"మా ఇంటికి గడప లేదు. లోపలికి రా."