చెక్కగోడ పక్కన మాల

పండుగ రోజుల్లో కొట్టు నడిపేవాళ్ళకి తుమ్మడానికి కూడా తీరిక ఉండదు. అలాంటి రోజుల్లో పొద్దున్నే షట్టరు తెరవకుండా లోపల కూర్చుని జపం చేసుకుంటానంటే వీధి వీధంతా నవ్వుతుంది. స్టీలక్క సరిగ్గా ఆ పనే మొదలుపెట్టింది.

ఆమెది స్టీలు సామాన్ల కొట్టు. ఆ మాటకొస్తే సగం కొట్టు. రెండో సగం తమ్ముడిది. మధ్యలో చెక్కగోడ. తల్లి పోయాక గల్లాపెట్టె దగ్గర ఎవరు కూర్చోవాలన్న చోట మొదలైన మాట, మాటా మాటా పెరిగి, కిందటి పండుగలనాటికి చెక్కగోడగా నిలబడింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. పంపకాల్లో గిన్నెలు సమానంగానే వచ్చాయి. మనుషులే అందరూ అటు పోయారు. వాడికి భార్య, పిల్లలు, వియ్యాలవారి రాకపోకలు. పెళ్ళి చేసుకోని ఆమెకి మిగిలింది తాళాలగుత్తి, తండ్రి కాలంనాటి ముసలి గుమాస్తా.

ఈ పండుగలు దాటేలోగా వాడు తనను ఒక్కసారి "అక్కా" అని పిలవాలి. ఆమె కోరిక అంతే. ఇప్పుడు పిలవకపోతే ఇక పిలవడని ఆమె అంచనా. పగ కూడా సరుకులాంటిదే. ఒక సీజను దాటితే అటకెక్కుతుంది. ఆ తర్వాత దించే ఓపిక ఎవరికీ ఉండదు.

జపం చేసుకోమని సలహా ఇచ్చింది పంతులమ్మ. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆవిడ, మూత వదులైన డబ్బా మార్చుకోవడానికి వచ్చి, అక్క ముఖం చూసి స్టూలు లాక్కుంది.

"నిద్ర పట్టట్లేదా అమ్మాయ్?"

"పడుతోందండీ. కలలో కూడా షట్టరే తీస్తున్నాను, అంతే."

"అయితే జపం మొదలుపెట్టు. దేనికైనా పండుగ రోజులు మంచివి. నలుగురూ దీపం పెట్టే వేళ మన బద్ధకం కూడా కాస్త సిగ్గుపడుతుంది. రోజూ ఒకే వేళ, ఒకే చోటు, ఒకే మంత్రం. ఒక్క మాల చాలు."

"ఒక్కటేనా? చేసేదేదో నాలుగైదు చేస్తే పోలా?"

"అదే వద్దన్నది. మొదటిరోజు పదిసార్లు మాల తిప్పేసి, వారం తిరక్కుండా ఆ మాల ఎక్కడ పెట్టారో వెతుక్కునే ఆరంభశూరుల్ని బోలెడుమందిని చూశాను."

ఆ మాట అక్కకి ఇట్టే అర్థమైంది. ఒక్క పెద్ద బేరం తగిలిందని కొట్టు నిలవదు. రోజూ వచ్చే చిన్న బేరాలే దాన్ని నిలబెడతాయి. తల్లి నోట విన్న "ఓం నమః శివాయ" ఎంచుకుంది. తల్లి మాలే చేతిలోకి తీసుకుంది. చోటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంట్లో దేవుడి అర ఉండగా కొట్టునే ఎంచుకుంది. ఇంట్లో తీరికుండదని తనకు తానే నచ్చజెప్పుకుంది. నిజానికి ఆ ఇంట్లో ఉన్నదల్లా తీరికే. కొట్లో పీట వేసుకున్నది చెక్కగోడ పక్కన.

మొదట్లో మంత్రం నోట్లో, మనసు అటక మీద. పూస జరుగుతుంటే కుక్కర్ల మూతలు గుర్తొచ్చేవి. దేవుణ్ణి తలుచుకోబోతే సరుకింకా పంపని ఏజెంటు ముఖం కళ్ళముందు నిలిచేది. అయినా మానలేదు. బేరం రాలేదని కొట్టు మూసుకుంటామా అనుకుంది.

ఒకరోజు అలవాటు నోటిని లాగేసింది. మొదటి పూస పట్టుకోగానే మంత్రానికి బదులు, "లాభం" అంది.

వ్యాపారస్తులు సరుకు లెక్కపెట్టేటప్పుడు ఒకటి అనరు. లాభం అంటారు. రెండు నుంచి మామూలే. లారీ దిగిన గిన్నెల్ని చిన్నప్పటినుంచీ అక్కాతమ్ముళ్ళే దొంతరలు పేర్చేవాళ్ళు. ఆమె ఒకటి పెట్టి లాభం అనేది. దానిమీద వాడు ఒకటి పెట్టి రెండు అనేవాడు. ఆమె మూడు, వాడు నాలుగు. వాడు అంకెలు నేర్చింది బళ్ళో కాదు, ఆ దొంతరల దగ్గరే.

గోడ అవతల ఏదో సర్దుకుంటున్న తమ్ముడి గొంతు, చూసుకోకుండా, "రెండు" అంది.

అంతే. అవతల పళ్ళెం ఒకటి కిందపడి, గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

ఆ రోజు అక్క ఒకావిడకి అడక్కుండానే ధర తగ్గించింది. గుమాస్తా ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఒంట్లో బాగానే ఉందా అక్కగారూ?"

"నాకేం బాబాయ్, రాయిలా ఉన్నాను."

మర్నాటినుంచి జపానికి గొంతు పెరిగింది. ఒక్కో పూసకీ ఒక్కో మెట్టు ఎక్కినట్టు మంత్రం చెక్కల మీదుగా అటు పోయేది.

"దేవుడికి చెవుడేం లేదు అక్కగారూ," అన్నాడు గుమాస్తా, షట్టరు ఎత్తుతూ.

"పండుగ రోజులు కదా బాబాయ్. అన్నివైపులనుంచీ పిలుస్తుంటారు. మన గొంతు ఆయనకి ఆనాలా వద్దా?"

జవాబు తొందరగానే వచ్చింది, మనిషి గొంతులో మాత్రం కాదు. తమ్ముడు ప్లగ్గులో పెట్టే చిన్న మంత్రం పెట్టె కొన్నాడు. అదే మంత్రం, ఎవరిదో తియ్యటి గొంతు, పగలూ రాత్రీ ఆగదు.

"తమ్ముడుగారు ఒక మాటన్నారు. చెప్పమంటారా, మానమంటారా?" అన్నాడు గుమాస్తా.

"మానమంటే నీకు అన్నం అరుగుతుందా?"

"'మా అక్క అంత అరుచుకోనక్కర్లేదు, నా పెట్టె ఊపిరి తీసుకోకుండా అంటోంది' అని నవ్వారు."

"మా అక్క అన్నాడా?"

"అన్నారు."

"ఎవరితో?"

"నాతోనే."

"నీతో అంటే లెక్కలోకి రాదులే," అందిగానీ, ఆ రెండు ముక్కలూ సాయంత్రందాకా కొంగున కట్టుకుని తిరిగింది.

పెద్ద పండుగ ఇంకా ముందుందనగా గుమాస్తా ఇంకో కబురు తెచ్చాడు. తమ్ముడు పెద్దవీధిలో కొట్టు తీసుకున్నాడట. బోర్డు రంగులు కూడా ఆరాయట. రేపు పొద్దున్నే సామాను మారుస్తున్నారట.

ఆ పొద్దున ఆమె పీట మీద కూర్చునేసరికి అవతల గోనెసంచుల ఈడుపు వినిపిస్తోంది. తమ్ముడి గొంతు గోడకి బాగా దగ్గర్లో, "లాభం" అంది.

ఆమె చేతిలో మాల ఉంది. నోట్లో మంత్రం సగంలో ఉంది. అయినా, "రెండు" అంది. గట్టిగానే అంది.

అవతల గోనెసంచి ఆగింది. గోడకి అటువైపు మనిషి ఊపిరి తీసుకున్నట్టు తెలుస్తూనే ఉంది. ఇప్పుడే, ఇప్పుడే అనుకుంది ఆమె. మూడు అన్నా చాలు. ఏమే అన్నా చాలు.

"పైకి అనొద్దు," అన్నాడు తమ్ముడు, పనివాడితో. "ఫోన్లో రాసుకుంటూ పో."

ఆ తర్వాత అంకె ఒక్కటి వినపడలేదు. మధ్యాహ్నానికి అవతల షట్టరు దిగింది.

మనుషులు పోయారుగానీ పెట్టె పోలేదు. ఖాళీ కొట్లో, తాళం వెనక, తియ్యటి గొంతు మంత్రం చెబుతూనే ఉంది. పెద్ద పండుగ గడిచింది. బేరాలు ముంచెత్తాయి, తగ్గాయి. పెట్టె మాత్రం ఆగలేదు. వాడు కావాలనే ఉంచి వెళ్ళాడని అక్కకి గట్టిగా తోచింది. నోరు తెరవలేనివాడు అలాగే కదా చెబుతాడు. రోజూ ఆ గొంతుతో కలిపి తనూ చెప్పుకునేది.

"బాబాయ్, ఆ పెట్టె ఎందుకు వదిలాడంటావ్?"

గుమాస్తా నెత్తి గోక్కున్నాడు. "మర్చిపోయారట అక్కగారూ. కొత్త కొట్లోకి ఇంకోటి కొనేశారు. ఇదిగో, కరెంటు మీటరు తిరుగుతోందని కొట్టు అద్దెకిచ్చిన ఓనరు గోల. రేపు వాళ్ళ మనిషి వచ్చి ప్లగ్గు పీకేస్తాడు."

ఆమె గల్లాపెట్టెకి తాళం వేసింది. రాత్రి ఇంట్లో పడుకుని లెక్క చూసుకుంది. ఆమె లెక్కల్లో తనకైనా మినహాయింపు లేదు. పండుగల పొడుగునా తిప్పిన పూసల్లో దేవుడికి ముట్టినవి ఎన్ని? పిడికెడు కూడా తేల్లేదు. తక్కినదంతా గోడ అవతలివాడికి పంపిన సరుకే. వాడు దించుకోలేదు, అంతే. సరుకు తిరిగొచ్చింది. ఇక ఈ వ్యాపారం కట్టిపెట్టడమే తెలివి అనుకుంది.

తెల్లారి మళ్ళీ అదే వేళకి పీట మీదే ఉంది. వీధిలో దీపాల తోరణాలు విప్పేస్తున్నారు. మాల కాస్త సాగిందో లేదో అవతల తాళం గలగలలాడింది. షట్టరు లేచింది. ఎవరో నాలుగడుగులు వేశారు. పెట్టె గొంతు "నమః" దగ్గర టక్కున తెగిపోయింది.

అంత నిశ్శబ్దం ఆ కొట్లో ఆమె ఎన్నడూ ఎరగదు. వేళ్ళ మధ్య పూస ఆగిపోయింది. ఇప్పుడు లేచినా అడిగేవాడు లేడు. కూర్చున్నా అడిగేవాడు లేడు.

బయటినుంచి గుమాస్తా, "షట్టరు తీసేయమంటారా అక్కగారూ? ఎవరో కుక్కరు కోసం వచ్చారు," అన్నాడు.

"నిలబెట్టు బాబాయ్. కాస్త సేపు పడుతుంది."

మంత్రం మొదటినుంచి అందుకుంది. గొంతు పెంచబోయి ఆగింది. పెంచడానికి అవతల ఎవరున్నారు కనక. చివరికి పెదవులు కదిలినంత మేరకే మిగిలింది. కళ్ళు తుడుచుకునే పని తర్వాతికి పెట్టుకుని, వేలితో ఇంకో పూస లాక్కుంది.