గరోద్ అంటే

"నేను కారెక్కగానే నా వెనకాల ఒక జగ్గు నీళ్లు పొయ్యి, మస్తాన్ బీ," అంది అజ్నివ్ మామా.

పనిచేసే ఇంటి పెద్దామెను ఇక్కడ మామా అంటాం. మా రాయచోటిలో ఎవరైనా ప్రయాణమైతే, వాళ్లు చేరేదాకా ఇల్లు ఊడ్వం, వాకిట్లో నీళ్లు పొయ్యం. జనాజా, అంటే శవం, లేచాకే కడుగుతాం.

"నా చేత్తో పొయ్యను మామా. ఇంకేమన్నా చెప్పండి."

"మా అర్మేనియా వాళ్ల ఆనవాయితీ. నీళ్లలా పోయి నీళ్లలా తిరిగి రావాలని పోస్తాం."

"మాకైతే తిరిగి రావద్దని పోసినట్టు."

ఆమె మూతి ముడుచుకుంది. ఎనభై మూడేళ్ల మనిషి. సిరియాలోని అలెప్పోలో పుట్టి, ఇక్కడ కువైట్‌లో బడిపిల్లలకు తమ అర్మేనియా భాష చెప్పింది. ఈ పొద్దు అర్మేనియాకు, యెరెవాన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. జాబ్రియాలోని ఈ ఇంట్లో తొమ్మిదేళ్లు ఆమెను కనిపెట్టుకుని ఉన్నాను. రేపటినుంచి నేను అబూ హలీఫాలో వేరే ఇంట్లో పనికి. పనిచేసిన ఇళ్లలో నేను విడిచి వచ్చినవాళ్లెవరూ మళ్లీ కంటపడలేదు. ఈమెనైనా చూడాలి.

పెట్టెలో సర్దిన లావు నిఘంటువు మళ్లీ తీయించింది. మనసు బాగాలేకుంటే ఎప్పుడూ ఆ ఒక్క పేజీయే.

"గరోద్," అని చదివింది. "ఏదో ఒకటి లేక అల్లాడేవాణ్ణి అలా అంటాం. తిండి లేనివాడు గరోద్. బిడ్డ కోసం బెంగపడే తల్లీ గరోదే."

పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినదాన్ని. మాట దొరికితే వదలలేను. "మేము మొహం వాచినవాళ్లు అంటాం మామా. ఇంతకీ ఎక్కడిదా మాట?"

"పండితులు తలా ఒకటి చెప్పారు. ఏదీ తేలలేదని రాశారు ఇందులో."

"పుట్టిల్లు తెలీని మాటను ఎట్లా నమ్ముతారు?"

"బెంగపడితే మీకు మొహమెందుకు వాస్తుంది?"

"ఏమో. మా అమ్మ అనేది."

"నీళ్లు పొయ్యకూడదన్నదెవరు?"

"అమ్మే."

"ఆమెకెవరు చెప్పారు? తెలీదు కదా, ఖలాస్!" అని నవ్వింది. వెంటనే ఆ నవ్వు పోయింది. "అలెప్పో వదిలిన రోజు మా అమ్మ పోసింది."

"మళ్లీ పోయినారా?"

"లేదు. కానీ ఆ చప్పుడు నా చెవుల్లో ఉంది. ఎవరో నన్ను రమ్మంటున్నట్టు. ఈ ఊళ్లో నన్ను మళ్లీ రమ్మనేదానివి నువ్వొక్కదానివే."

కింద నుంచి టాక్సీ నడిపే ఆసిఫ్ అరిచాడు. "యల్లా, పదండి మామా! మీ ముచ్చట్లకు విమానం ఆగదు!"

ఆమెను ఎక్కించి, పైకొచ్చి జగ్గు నింపుకుని దిగాను. కారు కదిలింది. బిస్మిల్లా అనుకుని కళ్లు మూసుకుని పోశాను. కళ్లు తెరిచేసరికి మామా అద్దం దించి చెయ్యి ఊపుతోంది.

బిల్డింగు కాపలా చూసే హారిస్ వచ్చాడు. "ఇల్లు కడిగి తాళాలిచ్చెయ్, అమ్మా."

"కడగను."

"అదేంది?"

"ఆమె దిగినట్టు ఫోన్ రావాల."

"అయిదు గంటలు పడుతుంది!"

"పడనీ. వాళ్ల మాట ఒకటి చేసినా. మా మాట ఒకటి ఉండనీ."

తలుపేసుకున్నాను. మూడు గంటలైంది. ఫోన్ చేతిలోనే ఉంది. కూర్చోలేకుండా ఉన్నాను. నేల మీద ఆమె చెప్పుల దుమ్ము చెరగకుండా, గోడవారనే అటూ ఇటూ నడుస్తున్నాను.