సిస్టర్ చెప్పని బరువు

అమ్మ కడుపు మీద నాలుగు చిన్న ప్లాస్టర్లు ఉన్నాయి. ఒకటి బొడ్డు దగ్గర, ఒకటి రొమ్ము ఎముక కింద, రెండు కుడిపక్క. ఆరు నెలలుగా అమ్మను ముడుచుకుపోయేలా చేసిన పిత్తాశయాన్ని, దానిలోని రాళ్ళతో సహా, ఇంత చిన్న కంతల్లోంచి ఎలా లాగారా అని అమ్మమ్మ ప్లాస్టర్లను రెండుసార్లు లెక్కపెట్టింది.

"పైత్యం సంచి తీసేశారుగా, ఇకనైనా నా కూతురికి పైత్యం తగ్గుతుందిలే," అంది.

అమ్మ నవ్వబోయి కడుపు పట్టుకుంది. "నవ్వించకమ్మా, కుట్లు లాగుతున్నాయి."

నేను దిండు అందించాను. దగ్గొచ్చినా నవ్వొచ్చినా దిండును కడుపుకి అదిమి పట్టుకోవాలని ఆస్పత్రిలో సిస్టర్ చెప్పారు.

సిస్టర్ చెప్పినవన్నీ నా డైరీలో వెనకవైపు పేజీల్లో ఉన్నాయి. ఇంటికి పంపే రోజు నాన్న మందుల కోసం వరసలో నిలబడ్డాడు. అమ్మ ఇంకా మత్తుగా ఉంది. సిస్టర్ గబగబా చెప్పుకుపోతుంటే ఏం మర్చిపోతానో అని నేను రాసుకున్నాను. ఆవిడ చూసి ఆగారు.

"రాస్తున్నావా? ఇంటికెళ్ళాక కూడా రాయి. జ్వరం ఎంతుంది, ఏం తింది, ఎంత నడిచింది, గాయాలు ఎలా ఉన్నాయి. రోజూ." డైరీ తీసుకుని పేజీ పైన తన ఫోన్ నంబరు రాశారు. "అనుమానమొస్తే చెయ్యి. జ్వరం వచ్చినా, కళ్ళు పచ్చబడినా, నొప్పి తగ్గాల్సింది పెరుగుతున్నా, గాయం చెమ్మగిల్లినా వెంటనే."

తలూపాను. "సరేనండి" అన్న మాట గొంతులోనే ఉండిపోయింది. కొత్తవాళ్ళ ముందు నాకు నోరు పెగలదు. బళ్ళో హాజరు పిలిచినా పక్కమ్మాయి నా బదులు పలుకుతుంది. అందుకే అమ్మమ్మ నాకు గుసగుస అని పేరు పెట్టింది.

చివరగా సిస్టర్ బరువుల సంగతి చెప్పారు. "నీళ్ళ బకెట్టు, బియ్యం సంచి, చంటిపిల్ల. నెల రోజులు ఏదీ ఎత్తకూడదు." అమ్మ బుద్ధిగా తల ఊపింది.

మా ముందుగదే అమ్మ ఇస్త్రీ కొట్టు. పొడవాటి బల్ల, దాని మీద మూడు మడతల దుప్పటి, ఆపైన అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు పడిన పాత గుడ్డ. బల్ల చివర బొగ్గుల ఇస్త్రీపెట్టె. దాన్ని లేపాలంటే నాకు రెండు చేతులూ కావాలి. అమ్మ మాత్రం నేను పుట్టకముందు నుంచి ఒంటిచేత్తో ఆడిస్తోంది.

ఇంటికి వచ్చిన మర్నాడు అమ్మకు కడుపు కంటే కుడిభుజం ఎక్కువ నొప్పెట్టింది. నాన్న బస్సు నడిపి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా తేల్చేశాడు. "ఇన్నేళ్ళు పెట్టె తోసీ తోసీ భుజం అరిగిపోయింది. ఇప్పుడు బయటపడింది." అమ్మమ్మ భుజానికి నొప్పి మందు రుద్దబోయింది. నేను డైరీ తెరిచి నాన్న ముందు పెట్టాను. ఆపరేషన్ అప్పుడు కడుపు పైకి లేవడానికి గాలి నింపుతారనీ, అది పూర్తిగా పోయేదాకా రెండు మూడు రోజులు భుజం దాకా నొప్పి రావచ్చనీ, మెల్లగా నడిస్తే తగ్గుతుందనీ ఉంది. నాన్న గట్టిగా చదివాడు.

"అంటే, కడుపులో గాలి భుజంలో వీస్తుందన్నమాట," అంది అమ్మమ్మ.

బల్ల నుంచి గుమ్మానికి పన్నెండు అడుగులు. అమ్మ నా భుజం పట్టుకుని నడిచేది. ఒక్కో చుట్టుకి ఒక్కో గీత గీశాను. మొదటిరోజు నాలుగు గీతలు, మూడోనాటికి ఇరవై. ఆరోజు భుజం నొప్పి మాయమైంది. స్నానం కూడా చేయించాను. గాయాల మీద రుద్దకుండా, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టాను.

నాలుగో రోజు అమ్మమ్మ బలం రావాలని వెన్నలో గుడ్లు వేయించి పెట్టింది. కొన్నాళ్ళు నూనె, వెన్న తగ్గించాలని డైరీలో ఉందని చెప్పేలోపే అమ్మ సగం తినేసింది. సాయంత్రంలోగా మూడుసార్లు బాత్రూంకి పరుగెత్తింది.

"నా పేరు రాశావుటే అందులో?" అమ్మమ్మ అడిగింది.

"రాశాను."

"రాయి, రాయి. పోలీసులు వస్తే చూపిద్దువుగాని."

ఆ తర్వాత మళ్ళీ జావ, ఉడికించిన కూరలు, కొంచెం కొంచెంగా. అన్నీ సర్దుకుంటున్నాయి అనుకున్నాను. కానీ గుమ్మం దగ్గరికి బ్యాండు మాస్టారు రావడం మొదలుపెట్టారు.

ఆదివారం బ్యాండు పోటీ. పదహారు జతల తెల్ల ప్యాంట్లు, కోట్లు ఆపరేషన్‌కి ముందే మా బల్ల కింద మూటగా ఉన్నాయి. ఆ ప్యాంట్ల మడతలు కత్తి అంచులా నిలబెట్టడం అమ్మకే చేతనవుతుందని మాస్టారి నమ్మకం. ఆయన పెద్దమనిషి, ఎప్పుడూ ఇస్త్రీ సంగతి ఎత్తలేదు. "ఎలా ఉందమ్మా ఒంట్లో?" అనేవారు. మూటవైపు చూసేవారు. "తొందరేం లేదు," అని నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పే అమ్మను కుదురుగా ఉండనివ్వలేదు.

ఆరో రోజు, గురువారం, నాన్న పొద్దున్నే బస్సుకి వెళ్ళాడు. అమ్మమ్మ కూరలకి వెళ్ళింది. నేను పెరట్లో గుడ్డలన్నీ ఉతికి ఆరేస్తుంటే వేడి పెట్టె కింద తడిగుడ్డ కమురు వాసన వచ్చింది. ఆ వాసన నాకు పాలవాసనంత తెలుసు. చేతిలో తడి దుప్పటి అలాగే వదిలేసి లోపలికి పరుగెత్తాను.

అమ్మ బల్ల దగ్గర నిలబడి ఉంది. ఆరు ప్యాంట్లు మడతపెట్టి ఉన్నాయి.

"అమ్మా! బరువు ఎత్తకూడదన్నారు!"

"ఎత్తడం లేదే, తోస్తున్నా. పెట్టె బల్ల మీదేగా ఉంది." అమ్మ నా వైపు తిరగకుండానే చెప్పింది. "సిస్టరు ఏమంది? నీళ్ళ బకెట్టంది, బియ్యం సంచంది, చంటిపిల్లంది. ఇస్త్రీపెట్టె పేరు చెప్పిందా? ఏదీ, నీ పుస్తకంలో చూపించు."

పుస్తకంలో లేదు. అమ్మ ఏడో ప్యాంటు తిప్పడానికి పెట్టెను లేపి పక్కనున్న ఇనప కుదురు మీద పెట్టబోయింది. చెయ్యి సగంలో ఆగిపోయింది. పెట్టె కుదురు మీద ధన్‌మని పడింది. అమ్మ రెండో చెయ్యి బొడ్డు మీదికి వెళ్ళింది.

తోసినంతసేపూ బాగానే ఉంది. ప్రతి మడతకీ ఒకసారి పెట్టెను లేపి దించాలి కదా, అది మాకిద్దరికీ లెక్కలోకి రాలేదు. చెయ్యి అలవాటుగా చేసే పని.

మంచం మీద పడుకోబెట్టి చూశాను. బొడ్డు దగ్గర ప్లాస్టరు అంచు తడిసి ఉంది. లేత గులాబీరంగు నీరు, గోరంత.

"చెమటేలే," అంది అమ్మ. తర్వాత నా మణికట్టు పట్టుకుంది. "నాన్నకి చెప్పకు. పుస్తకంలో రాయకు. వాళ్ళు మళ్ళీ ఆస్పత్రిలో పడుకోబెడతారు. ఆదివారం దాటనీ."

కళ్ళు మూసుకుంది. నేను పెట్టెలోని బొగ్గులు పళ్ళెంలోకి వంపేశాను. థర్మామీటరు పెట్టి చూశాను. జ్వరం లేదు. అమ్మమ్మ వచ్చేసరికి గంట పడుతుంది. ఆవిడ వచ్చాక ఆవిడతోనే ఫోన్ చేయించవచ్చు. ఆ ఆలోచన చాలా హాయిగా ఉంది. కానీ గాయం చెమ్మగిల్లితే వెంటనే అన్నారు సిస్టర్. ఆ మాట నా అక్షరాల్లోనే ఉంది. రాయకపోతే, రేపు సిస్టర్ ఈ పేజీ చూసి "అంతా బాగుంది" అనుకుంటారు. నేను రాయలేదని ఆవిడకెలా తెలుస్తుంది?

ముందు రాశాను. తర్వాత నంబరు నొక్కాను.

"హలో, ఎవరండీ?" అన్నారు సిస్టర్.

నోరు తెరిచాను. మాట రాలేదు.

"హలో? ఎవరు? పెట్టేస్తున్నా."

"పెట్టేయకండి," అన్నాను. తర్వాత ఏం చెప్పాలో తెలియక డైరీ చూసి చదవడం మొదలుపెట్టాను. "ఆరో రోజు. పొద్దున జావ ఒక గిన్నె. నడక ముప్పై చుట్లు. జ్వరం లేదు. కళ్ళు తెల్లగా ఉన్నాయి. పదింటికి అమ్మ ఆరు ప్యాంట్లు ఇస్త్రీ చేసింది. ఏడోదానికి పెట్టె లేపితే బొడ్డు దగ్గర లాగింది. ప్లాస్టరు అంచున గోరంత తడి. లేత గులాబీ."

చదువుతుంటే గొంతు వణకలేదు. సిస్టర్ ఒక్కొక్కటే అడిగారు. చీము ఉందా, వాసన ఉందా, చుట్టూ ఎర్రగా వేడిగా ఉందా, ఏమైనా ఉబ్బిందా, వాంతి అయిందా. ఫోన్ పట్టుకునే వెళ్ళి అమ్మ దుప్పటి తొలగించి చూసి చెప్పాను. అవేవీ లేవు.

"ఆ పెట్టె ఎంత బరువుంటుంది?"

"నాకు రెండు చేతులూ కావాలండి."

"నేను చెప్పలేదు కదూ," అన్నారు సిస్టర్. "మీ అమ్మ ఏం పని చేస్తుందో అడగనేలేదు. రాసుకో, ఇస్త్రీపెట్టె కూడా. చెయ్యి కడుక్కుని శుభ్రమైన గాజుగుడ్డ పెట్టు. పడుకోనివ్వు. రేపు పొద్దున్నే డాక్టరుగారి దగ్గరికి తీసుకురా. ఈలోగా జ్వరమొచ్చినా, తడి పెరిగినా, నొప్పి ఎక్కువైనా రేపటిదాకా ఆగొద్దు."

"సరేనండి," అన్నాను. ఈసారి బయటికే వచ్చింది.

వెనక్కి తిరిగితే అమ్మ కళ్ళు తెరిచి చూస్తోంది. "గుసగుస అంటారు నిన్ను. వీధి చివరిదాకా వినపడింది." కోపమో కాదో తెలియలేదు. "రాశావా?"

"రాశాను. నువ్వు రాయొద్దన్నావని కూడా రాశాను."

అమ్మ చటుక్కున దిండు లాక్కుని కడుపుకి అదుముకుంది. నవ్వు ఆపుకోలేకపోతోంది. "అదెందుకే, నా తల్లీ! అదెందుకు రాశావు!"

మర్నాడు నాన్న సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. పిత్తాశయాన్ని బొడ్డు దగ్గరి గాయంలోంచే బయటికి తీశారట. అందుకే అన్నిటికంటే అదే పెద్దది, లాగితే ముందు అదే చెబుతుంది అన్నారు డాక్టరుగారు. లోపలి కుట్టు గట్టిగానే ఉంది. ప్లాస్టరు మార్చారు. అమ్మ డైరీని వెనక్కి దాచబోతే సిస్టర్ అందుకుని ఆ పేజీ చదివారు, ఒకసారి అమ్మవైపు చూశారు. మేం బయటికి వస్తుంటే పక్క మంచం దగ్గర ఆవిడ గొంతు వినిపించింది. "నీళ్ళ బకెట్టు, బియ్యం సంచి, చంటిపిల్ల, ఇస్త్రీపెట్టె. ఇంతకీ మీరేం పని చేస్తారు?"

ఆ సాయంత్రం బ్యాండు మాస్టారు వచ్చారు. "ఎలా ఉందమ్మా..." అని మొదలుపెట్టి మూటవైపు చూశారు. అమ్మ నా వైపు చూసింది. నేను లేచి గుమ్మం దాకా వెళ్ళాను.

"అమ్మ నెల రోజులు పెట్టె ముట్టుకోదండి. మిగతావి నేను చేస్తాను. మడతలు అమ్మ చేసినంత నిటారుగా రావు."

మాస్టారు నన్ను మొదటిసారి చూసినట్టు చూశారు. నేను మాట్లాడగా ఆయన విన్నది అదే మొదలు మరి. "పర్లేదమ్మా," అన్నారు. "వంకరగా వస్తే మేమూ కాస్త వంకరగా నడుస్తాం."

శనివారం అంతా రెండు చేతులతో పెట్టె లేపాను, దించాను. అమ్మ ఒళ్ళో దిండుతో కుర్చీలో కూర్చుంది. "నీళ్ళు ఇంకాస్త చల్లు. ఆగు, ఆగు, అంచు ముందు కలుపు." అమ్మ చెయ్యి మాత్రం కుర్చీలోనే ఉండి, నా పెట్టెతో పాటు ఇటూ అటూ కదిలింది. ఏడో ప్యాంటు దగ్గర అది లేవబోయింది. నేను ఆగి చూశాను. అమ్మ దాన్ని దిండు మీద పెట్టుకుంది.